మొక్కలో మందు ఉన్నది. మొక్కే మందు కాదు

అడవి మొక్కలలోను, సముద్రపు నాచులలోను మందులు ఉన్నాయా అని చాలామంది అడుగుతారు. ఉన్నాయి. ఆ మాట చెప్పడానికి ఆధునిక వైద్యుడు సంకోచించనక్కరలేదు. మన ఆసుపత్రుల మందుల బీరువాలలో ఉన్న సీసాలలో ఎన్నో ఏదో ఒక ఆకు నుండో, వేరు నుండో, బెరడు నుండో పుట్టినవే. కాని ఆ ప్రశ్న వెనుక మరొక ప్రశ్న దాగి ఉంటుంది: “అయితే ఆ ఆకు నేను నమిలితే సరిపోతుంది కదా?” దీనికి సమాధానము చాలా సందర్భములలో ‘సరిపోదు’, కొన్ని సందర్భములలో ‘ప్రమాదము’. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరమును గురించియే ఈ వ్యాసము.

మొక్కలు రసాయనములను మన కోసము తయారుచేయవు

ఆపద వస్తే జంతువు పరుగెత్తగలదు. మొక్క పరుగెత్తలేదు. తనను మేసే పశువును, తొలిచే పురుగును, కుళ్ళించే శిలీంధ్రమును ఉన్నచోటనే ఉండి ఎదుర్కోవాలి. అందుకు చేదును, ఘాటును, విషమును అది ఆయుధములుగా చేసుకున్నది. ఆల్కలాయిడులు, గ్లైకోసైడులు, టానినులు, టెర్పీనులు అని శాస్త్రజ్ఞులు పిలిచే పదార్థములలో అనేకము మొక్కకు ఈ విధముగా ఉపయోగపడేవే. ప్రాణుల కణములలోని యంత్రాంగము చాలా వరకు ఒకే తీరుగా ఉంటుంది కనుక, పురుగు నరములపై పనిచేసే పదార్థము మనిషి నరములపై కూడ పనిచేయవచ్చు. ఇటువంటి వాటినే జీవక్రియాశీల పదార్థములు అంటారు. ‘పనిచేస్తుంది’ అన్న మాటలో మేలు, కీడు రెండూ ఇమిడి ఉన్నాయని మీరు గ్రహించాలి.

చేలగట్ల మీద, పాడుపడిన స్థలములలో పెరిగే ఉమ్మెత్తను చూడండి. దానిలో హయోసయమిన్, స్కోపొలమిన్ అనే ఆల్కలాయిడులు ఉన్నాయి. గింజలు తిన్నవారికి నోరు ఎండిపోతుంది, కంటిపాపలు విచ్చుకుంటాయి, గుండె వేగము పెరుగుతుంది, మతి చలించి సంధి ప్రేలాపన మొదలవుతుంది. ఆ హయోసయమిన్ నుండి లభించేదే అట్రోపిన్. పురుగుమందు తాగి వచ్చిన రైతు ప్రాణమును నిలిపే మందు అది. ప్రభుత్వ ఆసుపత్రిలో రాత్రి విధులు చేసిన ఏ వైద్యుడిని అడిగినా చెబుతాడు. 0.6 మిల్లీగ్రాముల ఆంప్యూళ్ళను ఒకదాని తరువాత ఒకటి విరుస్తూ, నాడి చూస్తూ, ఊపిరితిత్తుల చప్పుడు వింటూ, కొన్ని నిమిషములకు ఒకసారి మోతాదును నిర్ణయిస్తూ తెల్లవార్లూ రోగి పక్కన నిలబడవలసి ఉంటుంది.

ఒకచోట విషమైనది మరొకచోట విరుగుడు అవుతున్నది. తేడా కొలతలో ఉన్నది. ఉమ్మెత్త గింజలో ఆ పదార్థము ఎంత ఉన్నదో చూచి ఎవరూ చెప్పలేరు. అది మొక్కకూ మొక్కకూ, ఆకుకూ గింజకూ, ఋతువుకూ ఋతువుకూ మారుతుంది. ఆంప్యూల్ మీద మాత్రము ఒక సంఖ్య అచ్చువేసి ఉంటుంది. ఆ సంఖ్యను సాధించడానికి పట్టిన శ్రమయే ఒక మొక్కను మందుగా మార్చింది.

బిళ్ళగన్నేరు చెప్పిన పాఠము

మన పెరళ్ళలో, శ్మశానముల పక్కన, రోడ్డు వారన గులాబి రంగు పూలతో నిండి కనిపించే బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్. దాని ఆకును మధుమేహమునకు వాడే ఆచారము అనేక దేశములలో ఉన్నది. మన పల్లెలలో కూడ ఉన్నది. 1950 దశకములో కెనడాలో రాబర్ట్ నోబుల్, ఛార్లెస్ బీర్ అనే శాస్త్రజ్ఞులు జమైకా నుండి వచ్చిన ఆకుల సారమును ఎలుకలపై పరీక్షించారు. నోటి ద్వారా ఇచ్చినప్పుడు రక్తములోని చక్కెర తగ్గలేదు. సూదిమందుగా ఇచ్చినప్పుడు రక్తములోని తెల్లకణములు పడిపోయి, ఎలుకలు సూక్ష్మజీవుల దాడికి లొంగిపోయాయి. తెల్లకణములను పడగొట్టే పదార్థము తెల్లకణముల క్యాన్సరుకు పనికిరాదా అని వారు ఆలోచించారు. 1958లో విన్‌బ్లాస్టిన్ వెలుగులోకి వచ్చింది. ఆ తరువాత అదే మొక్క నుండి అమెరికాలో విన్‌క్రిస్టిన్‌ను వేరుచేశారు. 1963లో అక్కడ దాని వాడకానికి అనుమతి లభించింది.

పిల్లలలో వచ్చే లింఫోసైట్ రక్తక్యాన్సరు చికిత్సలో విన్‌క్రిస్టిన్ నేటికీ ముఖ్యమైన మందులలో ఒకటి. ఒకప్పుడు ఆ వ్యాధి పేరు చెబితే తల్లిదండ్రులకు ఆశ ఉండేది కాదు. ఇతర మందులతో కలిపి వాడడము వలన సంపన్న దేశములలో నేడు పదిమంది పిల్లలలో సుమారు తొమ్మిదిమంది బ్రతుకుతున్నారు. ఒక మోతాదు సాధారణముగా 2 మిల్లీగ్రాములకు మించదు. దానిని సిరలోనికి మాత్రమే ఇవ్వాలి. పొరపాటున వెన్ను ద్రవములోనికి ఇస్తే ప్రాణము పోతుంది. ఒక గ్రాము మందు తీయడానికి కూడ ఎంతో ఎండుటాకు కావాలి. కాబట్టి క్యాన్సరుకు ఈ ఆకు నమిలేవారికి తగినంత మందు అందదు. అందులోని ఇతర ఆల్కలాయిడులు మాత్రము అందుతాయి.

సంప్రదాయము ఈ మొక్కను మధుమేహమునకు చూపింది. పరీక్ష దానిని రక్తక్యాన్సరుకు చేర్చింది. పెద్దల అనుభవము ఏ మొక్కను పరిశీలించాలో చెప్పగలదు. అది దేనికి, ఎంత, ఎట్లా పనిచేస్తుందో పరీక్ష మాత్రమే చెప్పగలదు.

పచ్చకామెర్లు, నేల ఉసిరి

తెలుగునాట ఎక్కువ మంది నమ్మే మొక్కవైద్యము పచ్చకామెర్లకు నేల ఉసిరి. ‘పసరు తాగిస్తే మూడు వారములలో తగ్గిపోయింది’ అని చెప్పేవారు ప్రతి ఊరిలోను ఉంటారు. వారు అబద్ధము చెప్పడము లేదు. హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ వైరసుల వలన వచ్చే కామెర్లు, ఎక్కువమందిలో, ఏ మందూ లేకుండానే కొన్ని వారములలో తగ్గిపోతాయి. ఆ వారములలో ఏ ఆకు తిన్నా, ఏ తాయెత్తు కట్టినా, కీర్తి దానికి దక్కుతుంది.

నేల ఉసిరిని శాస్త్రము అలక్ష్యము చేయలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు, హెపటైటిస్ బి వైరసును కనుగొన్న నోబెల్ గ్రహీత బరూచ్ బ్లంబర్గ్‌తో కలిసి, లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనమును ప్రచురించారు. హెపటైటిస్ బి వైరసును శరీరములో మోస్తున్నవారిలో, నేల ఉసిరి పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి రక్తములో వైరసు గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అట్లా జరిగింది. ప్రపంచమంతటా ఆశలు రేగాయి. ఇతర చోట్ల పరిశోధకులు అదే పరీక్షను మళ్ళీ చేసి చూశారు. ఆ ఫలితము మళ్ళీ రాలేదు. అనేక పరీక్షలను కలిపి 2011లో చేసిన కోక్రేన్ సమీక్ష, ఉత్తుత్తి మందు కంటె ఈ మొక్క మేలు చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారము లేదని తేల్చింది.

దీనిని ఓటమిగా చూడకండి. శాస్త్రము నడవవలసిన దారి ఇదే. నా బాధ మరొకచోట ఉన్నది. కామెర్లు అనేవి వ్యాధి కాదు, ఒక లక్షణము. పిత్తనాళములో రాయి అడ్డుపడినా, క్లోమములో క్యాన్సరు పెరిగినా, క్షయ మందులు కాలేయమునకు పడకపోయినా, హెపటైటిస్ బి ముదిరినా కళ్ళు పచ్చబడతాయి. గర్భిణికి హెపటైటిస్ ఇ సోకితే ప్రాణాపాయము కలుగవచ్చు. రక్తపరీక్ష, అల్ట్రాసౌండు పరీక్ష చేయించకుండా పసరు మీద గడిపిన ఆ మూడు వారములే కొందరికి చికిత్స అందే అవకాశమును పోగొడతాయి. ఆకు చేసే హాని కంటె, ఆకు మీద నమ్మకముతో జరిగే ఆలస్యము చేసే హాని ఎక్కువ.

‘మా తాతల నాటి నుండి వాడుతున్నాము’

ఈ వాదనను తీసిపారవేయరాదు. తరతరముల వాడకము ఒక విధమైన పరీక్షయే. తిన్న గంటలో వాంతులు తెప్పించే మొక్కను, ఒక్క రోజులో చంపే మొక్కను ప్రజలు గుర్తించి దూరము పెట్టారు. కాని పది సంవత్సరముల తరువాత హాని చేసేదానిని ఎట్లా గుర్తిస్తారు? అప్పటికి ఆకును, రోగమును కలిపి చూసేవారు ఉండరు.

గాడిదగడప, ఈశ్వరి అనేవి మన నేలలో పెరిగే మందుమొక్కలు. ఇవి అరిస్టొలోకియా అనే ప్రజాతికి చెందినవి. వీటిలో అరిస్టొలోకిక్ ఆమ్లము ఉంటుంది. ఈ ఆమ్లము సంగతి బయటపడినది బెల్జియములో. బ్రస్సెల్స్ నగరములో బరువు తగ్గడానికి ఒక క్లినిక్కులో చైనా మూలికల మిశ్రమము తీసుకున్న స్త్రీలలో మూత్రపిండములు వేగముగా పాడవుతున్నాయని 1993లో అక్కడి వైద్యులు ప్రకటించారు. పేరులోని పోలిక వలన ఒక మూలికకు బదులుగా అరిస్టొలోకియా కలిసిపోయింది. మూత్రపిండములు విఫలమైనవారిలో 39 మందికి వాటిని తొలగించి పరీక్షిస్తే, 18 మందికి మూత్రమార్గపు క్యాన్సరు కూడ కనిపించింది. ఈ ఆమ్లము ఉన్న మొక్కలను మనుషులలో క్యాన్సరు కలిగిస్తాయని నిర్ధారణ అయిన వాటిలో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ చేర్చింది. గాడిదగడప ఆకును గాని, ఈశ్వరి వేరును గాని కడుపులోనికి తీసుకొనవద్దని నేను నిస్సంకోచముగా చెబుతాను.

మొక్కను సరిగా గుర్తించకపోతే ఎంత ప్రమాదమో బ్రస్సెల్స్ చెప్పింది. మన దగ్గర అదే ప్రశ్న తిప్పతీగ విషయములో తలెత్తింది. కోవిడ్ కాలములో రోగనిరోధక శక్తి పెరుగుతుందని ఇంటింటా తిప్పతీగ కషాయము కాచుకున్నారు. 2021లో ముంబయి వైద్యులు ఆరుగురు రోగులలో కాలేయము దెబ్బతిన్నదని నివేదించారు. వారు వాడినది అసలైన తిప్పతీగ కాకపోవచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరము చెప్పింది. 2022లో దేశములోని 13 కేంద్రముల వైద్యులు ఇటువంటి 43 మంది రోగుల వివరములను ప్రచురించారు. వారిలో చాలామందిలో శరీరపు రక్షణ వ్యవస్థ తన కాలేయమునే దెబ్బతీసే లక్షణములు కనిపించాయి. కోట్లమంది వాడిన మొక్కకు ఈ సంఖ్య చిన్నదే. కాని ఇదివరకే కాలేయ వ్యాధి, స్వయంప్రహర వ్యాధులు ఉన్నవారు దీనిని నెలల తరబడి తాగకుండా ఉండడము మంచిది.

సముద్రపు నాచులు

ఇక నేలను విడిచి నీటిలోనికి వెళ్దాము. సముద్రపు నాచులు ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు రంగుల తెగలుగా ఉంటాయి. విశాఖపట్నము తీరములో ఆటుపోటుల మధ్య ఉండే రాళ్ళపై మూడు తెగలనూ చూడవచ్చు. వీటి వలన వైద్యమునకు కలిగిన మేలు అపారము.

ఎరుపు నాచు నుండి తీసే అగార్‌ను మీరు చైనాగ్రాస్ పేరుతో వంటింటిలో చూసే ఉంటారు. 1880 దశకపు ఆరంభములో జర్మనీలో రాబర్ట్ కోహ్ ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచే జెలటిన్ వేడికి కరిగిపోతుంటే, అక్కడ పనిచేసే వైద్యుని భార్య ఫానీ హెస్సే వంటింటి అనుభవముతో అగార్‌ను సూచించింది. ఈనాడు మీ మూత్రమును కల్చర్ పరీక్షకు పంపితే, సూక్ష్మజీవి పెరిగేది ఆ నాచు జిగురు మీదనే. గోధుమ నాచుల నుండి వచ్చే ఆల్జినేట్ దంతవైద్యుడు పళ్ళకు అచ్చు తీసేటప్పుడు, మానని పుండ్లకు కట్టుగా, ఛాతీ మంటకు ఇచ్చే కొన్ని మందులలో ఉపయోగపడుతుంది. 1811లో ఫ్రాన్సులో బెర్నార్డ్ కూర్త్వా నాచు బూడిద నుండి అయొడిన్‌ను కనుగొన్నాడు. 1820లో జెనీవా వైద్యుడు క్వాండే దానిని గొంతువాపు వ్యాధికి వాడాడు. ఎక్కువ తీసుకున్నవారు బాధపడడము కూడ అప్పుడే మొదలయింది.

ఆ పాఠము నేటికీ వర్తిస్తుంది. పెద్దవారికి రోజుకు కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు. ఎండిన నాచులో జాతిని బట్టి గ్రాముకు పదుల నుండి వేల మైక్రోగ్రాముల వరకు ఉండవచ్చు. థైరాయిడుకు మంచిదని కెల్ప్ బిళ్ళలు తెప్పించుకొని మింగితే, ఉన్న థైరాయిడు వ్యాధి ముదరవచ్చు, లేనివారికి రావచ్చు. నాచులు నీటిలోని లోహములను కూడ పోగుచేసుకుంటాయి. హిజికి అనే నాచులో ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్నదని, దానిని తినవద్దని 2004లో బ్రిటన్ ఆహార ప్రమాణముల సంస్థ ప్రజలకు సలహా ఇచ్చింది.

ఉమ్మెత్తకు సముద్రములో ఒక తోడు కూడ ఉన్నది. జపానులో ఏలికపాములకు వాడిన ఒక ఎర్ర నాచు నుండి 1953లో కైనిక్ ఆమ్లమును వేరుచేశారు. అది పురుగుల నరములను పట్టి వేస్తుంది. తరువాతి కాలములో శాస్త్రజ్ఞులు ప్రయోగశాల జంతువులకు మూర్ఛలు తెప్పించడానికి అదే పదార్థమును వాడడము మొదలుపెట్టారు.

గాజుపాత్రకు, గుండెకు మధ్య

‘ఫలానా మొక్క క్యాన్సరు కణములను చంపుతుంది’ అని వార్త చదివినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎక్కడ? గాజుపాత్రలో అయితే, గాఢమైన ఉప్పునీరు కూడ క్యాన్సరు కణములను చంపుతుంది. ఆ పదార్థము పేగుల నుండి రక్తములోనికి చేరాలి, కాలేయము దానిని విరిచివేయక ముందే కణితిని చేరాలి, మంచి కణములను విడిచి చెడ్డ కణములనే చంపాలి. ఆ తరువాత, వాడినవారినీ వాడనివారినీ పోల్చి చూస్తే, వాడినవారు ఎక్కువ కాలము, ఎక్కువ సుఖముగా బ్రతకాలి. గాజుపాత్రలో గెలిచినవాటిలో చాలా భాగము ఈ దారిలోనే రాలిపోతాయి.

ఆ దారిని చివరి వరకు నడిచినవారికి ఏమి దక్కుతుందో చైనా చూపింది. 1967లో అక్కడి ప్రభుత్వము మలేరియాకు మందు కనుగొనడానికి 523 అనే పేరుతో ఒక పథకమును ప్రారంభించింది. తు యూయూ బృందము పాత గ్రంథములను వెదకి, మాచిపత్రి జాతికి చెందిన ఒక మొక్కను ఎన్నుకొని, వేడికి మందు నశిస్తున్నదని గుర్తించి, తక్కువ ఉష్ణోగ్రతలో సారమును తీసింది. ఆర్టెమిసినిన్ ప్రపంచమునకు అందింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది. అయినా ఆ మొక్క ఆకుల టీని మలేరియాకు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. టీలో మందు కొలత సరిపోదు. చాలీచాలని మందు రోగిని కాపాడదు, పైగా మలేరియా క్రిమికి ఆ మందును తట్టుకొనే శక్తిని నేర్పవచ్చు.

మన దేశములో మొక్కల మీద పరిశోధనా పత్రములకు కొరత లేదు. వాటిలో ఎక్కువ భాగము గాజుపాత్ర దగ్గరో, ఎలుక దగ్గరో ఆగిపోతున్నాయని నా అభిప్రాయము. పెరట్లో ఎవరైనా పెంచుకోగల మొక్క మీద కోట్లు ఖర్చుచేయడానికి ఏ మందుల సంస్థా ఉత్సాహము చూపదు. ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ప్రజలు ఎక్కువగా వాడే పది పన్నెండు మొక్కలను ఎన్నుకొని, మొక్కను వృక్షశాస్త్రజ్ఞులచే నిర్ధారింపజేసి, పెద్ద ఆసుపత్రులలో సరియైన పరీక్షలు జరిపి, ఫలితము మంచిదైనా చెడ్డదైనా తెలుగులో ప్రజలకు చెప్పాలి. మొక్కను చూపిన గిరిజనులకు, గ్రామవైద్యులకు లాభములో వాటా దక్కాలి. కేరళలో ఆరోగ్యపచ్చ మొక్కను చూపిన కాణి గిరిజనులకు అటువంటి వాటా ఇచ్చారు కనుక ఇది అసాధ్యము కాదు.

మీరు చేయవలసినది

పొన్నగంటి, తుమ్మికూర, గంగపాయల వంటి ఆకుకూరలను కూరగా తినండి, అవి ఆహారము. మూత్రపిండములలో రాళ్ళు ఉన్నవారు గంగపాయలను తగ్గించుకోవాలి, ఆక్సలేటులు ఎక్కువ. అదే ఆకును ఎండబెట్టి, పొడి చేసి, మందుగా రోజూ మింగడము మొదలుపెట్టిన నాటి నుండి దానిని మందుగానే లెక్కించండి. మందుకు అడగవలసిన ప్రశ్నలు దానికీ అడగండి: ఇది ఏ మొక్క? ఎంత మోతాదు? ఎన్నాళ్ళు? ఎవరికి పనికిరాదు?

వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు మీరు వాడే మూలికలను దాచవద్దు. మందలిస్తారని భయపడి చాలామంది చెప్పరు. పొడపత్రి తీసుకుంటూ చక్కెర వ్యాధి మాత్రలు వేసుకుంటే చక్కెర మరీ పడిపోవచ్చు. రక్తము గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి కొన్ని మూలికలు రక్తస్రావము కలిగించవచ్చు. శస్త్రచికిత్సకు ముందు, గర్భము దాల్చినప్పుడు, చిన్న పిల్లలకు ఇచ్చే ముందు తప్పక చెప్పండి. తోటి వైద్యులకు కూడ ఒక మనవి: రోగి చెప్పినప్పుడు కసురుకోకండి. ఒకసారి కసిరితే మరొకసారి చెప్పడు.

రక్తపోటు, మధుమేహము, మూర్ఛ, క్షయ, క్యాన్సరులకు వాడుతున్న మందులను ఏ ఆకు కోసమూ ఆపవద్దు. కళ్ళు పచ్చబడితే ఆ వారములోనే రక్తపరీక్ష చేయించుకోండి. గర్భిణి అయితే, జ్వరముతో వణుకు వస్తే, మాట తడబడితే, మగత కమ్మితే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి.